ఎడమ పక్కన కూర్చున్నవాడి నెల్లూరు ప్రయాణం

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి రాస్తారు. దుబాయి వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతూనే ఉంటారు, మనం లేచి వెళ్ళిపోయినా ఆపరు. నేను నెల్లూరు వెళ్ళొచ్చాను. నవ్వకండి. చిట్టమూరు మండలంలో, పులికాటు సరస్సు ఒడ్డున మా ఊరు. మాకు నాయుడుపేటే పట్నం. నెల్లూరంటే పెద్ద కేసులకు వెళ్ళే చోటు. అది కోర్టు కేసైనా కావాలి, ఆస్పత్రి కేసైనా కావాలి. మాది రెండోది.

వెళ్ళింది ముగ్గురం. మా బావ పోలయ్య, మా అక్క, నేను. పోయిన వానాకాలంలో బావకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. కాలు మెల్లగా లేచింది, చెయ్యి లేవలేదు. వాటితో పాటు ఇంకొకటి కూడా పోయింది. దానికి మా ఊళ్ళో పేరు లేదు. ఆయన లోకంలో ఎడమ సగం మాయమైపోయింది. కళ్ళకు ఏ లోపమూ లేదు. అయినా ఎడమ పక్కనున్నది ఏదైనా సరే ఆయనకు లేనట్టే. గుమ్మం ఎడమ చెక్కకు భుజం కొట్టుకుంటాడు. గడ్డం కుడివైపే గీసుకుని పని అయిపోయిందని లేస్తాడు. ఎడమ పక్క నుంచి పిలిస్తే కుడి పక్క వెతుకుతాడు.

ఇందులో నీకేమిటయ్యా నష్టం అంటారేమో. చెబుతాను. మాది ఇద్దరు మనుషులు లాగే వల. నడుము లోతు నీళ్ళలో దిగి చెరో కొస పట్టుకుని నడుస్తాం. కుడి కొస బావది, ఎడమ కొస నాది. ఏడో తరగతిలో నేను బడికి దండం పెట్టి వచ్చిన మర్నాటి నుంచీ అంతే. పడవలో కూర్చున్నా, టీ బంకు బల్ల మీద కూర్చున్నా ఆయన ఎడమ పక్కే నా చోటు. అక్కణ్ణుంచి నేను చేపల గురించి అబద్ధాలు చెబుతాను, ఆయన దిద్దుతాడు. నవ్వమంటే మాత్రం నవ్వడు. నేను పడవంత పండుగప్పను పట్టానంటే, "అది తిరగాలంటే సరస్సులో సగం నీళ్ళు బయట పోయాలి గదరా" అని కొలతలు తీస్తాడు. మా ఇద్దరి మధ్య ప్రేమ అంటే ఇంతే, ఇంకేమీ లేదు.

ఇప్పుడు నేను కుడి పక్కకు వెళ్ళి కూర్చుంటే నన్ను చూస్తాడు, పలకరిస్తాడు కూడా. కానీ అది చుట్టపు చూపుగా వచ్చినవాణ్ణి పలకరించినట్టు ఉంటుంది. ఎడమ పక్క కూర్చుంటే పక్కనే ఉన్న నేను గాలిలో కలిసిపోతాను. బతికుండగానే ఫొటోకు దండ వేసినట్టు ఉంటుంది.

ఊళ్ళోవాళ్ళు చేయవలసినవన్నీ చేశారు. ఆకు పసరు తాగించారు. పావురం రక్తం తెచ్చి చేతికి మర్దన చేశారు. పావురం పోయింది, చెయ్యి రాలేదు. చివరికి ఆ చెయ్యి చచ్చిపోయిందని అందరూ కలిసి తేల్చేశారు. నాయుడుపేట డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. నెల్లూరులో ఒక డాక్టరమ్మ ఉందని, తల లోపల ఫొటోలు తీయించి ఎవరి తలకు తగ్గ వైద్యం వాళ్ళకు చెబుతుందని అన్నాడు. చెయ్యి చచ్చిందా, నిద్రపోతోందా? అది తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

నాయుడుపేటలో రెండు దోసెలు

బస్టాండు ఎదురుగా హోటల్లో కారం దోసె అరవై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు ముగ్గురం పులిబొంగరాలు తిని చెయ్యి కడుక్కోవచ్చు. కానీ ప్రయాణమన్నాక కాస్త మోసపోవాలి, లేకపోతే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

బావ కుడి సగం దోసె తిని ప్లేటు పక్కకు నెట్టాడు. "అరవై రూపాయలకు సగం దోసెనా?" అని సర్వరును నిలదీశాడు. సర్వరు ప్లేటు వంక, బావ వంక మార్చి మార్చి చూశాడు. నేను ప్లేటును చక్రంలా తిప్పాను. ఎడమ సగం కుడి పక్కకు వచ్చింది. బావ ముఖం వెలిగిపోయింది. "అట్టా రండి దోవకి" అని సర్వరుతో అని రెండో దోసె తిన్నాడు.

ఒక దోసె ఖర్చుతో రెండు దోసెల సంతోషం మా ఇంట్లోనే సాధ్యమని నేను అక్కతో అన్నాను. అక్క నవ్వింది గానీ కొంగు మాత్రం కళ్ళ దగ్గరికి వెళ్ళింది.

బస్సులో అద్దెకిచ్చిన నోరు

అక్కకు ఆడవాళ్ళ సీటు దొరికింది. మేమిద్దరం ముగ్గురి సీటులో ఇరుక్కున్నాం. కిటికీ పక్క నేను, మధ్యలో బావ, ఆయనకు కుడి పక్క ఎరువుల కొట్టు గుమాస్తా ఒకాయన. అలవాటు కొద్దీ నేను నా చోట్లోనే కూర్చున్నానన్నమాట.

బస్సు ప్రతి గుంటలోనూ దిగి లేస్తోంది. ఈ డ్రైవరు ఇంతకుముందు పడవ నడిపి ఉంటాడు, లోతు చూడందే ముందుకు పోడు అన్నాను. బావ గిరుక్కున కుడి పక్కకు తిరిగి ఆ గుమాస్తాను పట్టుకున్నాడు.

"పడవ నడిపినోడు గుంట తప్పిస్తాడయ్యా. తెలీకుండా మాట్లాడబాక."

పాపం ఆయన నోరే తెరవలేదు. నేను బావ వెనక నుంచి తల బయటికి పెట్టి, చేతులతో సైగలు చేసి, జబ్బు సంగతి గుసగుసగా చెప్పాను. మంచివాడు, వెంటనే అర్థం చేసుకున్నాడు. అక్కణ్ణుంచి నేను ఇటు పక్క ఏమన్నా, ఆయన అటు పక్క పెదాలు కదిపేవాడు. బావ దిద్దేవాడు, ఆయన బుద్ధిగా తలూపేవాడు. నా నోరు ఇంకొకరికి అద్దెకివ్వడం నాకు అదే మొదలు. అంతా మర్యాదగా జరిగిపోయింది.

గూడూరులో ఆయన దిగబోతుంటే బావ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మా బామ్మర్ది శీనడు కూడా అచ్చం నీ మాదిరే కూస్తాడు. వాడు యాడికి పోయినాడో, ఈ మధ్య కనపడటంలా."

గుమాస్తా నా వంక చూశాడు. నేను కిటికీలోంచి గూడూరు చూశాను. గూడూరులో చూడదగ్గవి ఏమున్నాయో నన్ను అడగకండి. నాకేమీ కనిపించలేదు.

నెల్లూరు: మొలతాడు తగాదా

నెల్లూరులో ఆస్పత్రులున్న వీధికి వెళితే జనమంతా జబ్బుతోనే పుట్టారా అనిపిస్తుంది. ఒక మందుల షాపు, ఒక టిఫిన్ సెంటరు, ఒక లాడ్జి, మళ్ళీ మందుల షాపు. మా లాడ్జి గది ఆరు వందలు, నల్లులు ఉచితం. మా ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ముందు నీళ్ళిస్తారు. ఇక్కడ ఏ గుమ్మంలో నిలబడినా ముందు ఆధార్ అడుగుతారు. నీళ్ళ సీసా ఇరవై.

మర్నాడు తల ఫొటోలు. ఆ మిషను పెద్ద గొట్టం. మనిషిని పడుకోబెట్టి లోపలికి తోస్తారు. లోపలంతా అయస్కాంతమట, ఒంటి మీద లోహం ఉండకూడదు. చొక్కా గుండీలు సరే, ఉంగరం సరే. బావ నడుముకు వెండి మొలతాడుంది. అదీ తీయాలన్నాడు అక్కడి టెక్నీషియను.

తీయనన్నాడు బావ. మా పక్క మగవాడి మొలతాడు ఎప్పుడు తీస్తారో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. అది తీసిన మగవాడు తిరిగి లేచి కూర్చోడు. అక్క కూడా అడ్డం తిరిగింది. ఫొటో లేకపోయినా సరే, మొలతాడు మీద చెయ్యి వేయొద్దంది. టెక్నీషియనుది విజయవాడ వైపు. ఇంతమందికి తీశానమ్మా, ఎవరూ చనిపోలేదంటాడు. ఆ మాట వినగానే అక్క ఏడుపు ఇంకో మెట్టు ఎక్కింది.

నేను రోడ్డు మీదికి పరిగెత్తాను. మందుల షాపులు దాటితే పూజ సామాన్ల కొట్టు దొరికింది. నల్ల నూలు మొలతాడు పది రూపాయలు. తెచ్చి ముందు అది కట్టాను. దానికి ముడి పడ్డాకనే వెండిది విప్పాను. నడుము ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదు. అక్క వంగి తన కళ్ళతో చూసుకుని, అప్పుడు గొట్టానికి అనుమతి ఇచ్చింది. టెక్నీషియను ఇకనుంచి నూలు మొలతాళ్ళు కొని పెట్టుకుంటానన్నాడు. నెల్లూరు వైద్యానికి మా కుటుంబం చేసిన సేవ ఇది.

గొట్టంలోంచి వచ్చాక ఎలా ఉంది బావా అని అడిగాను. ఇంజను బాగు చేయించండని అక్కడి వాళ్ళకు చెప్పాడు. మా డీజిలు పడవ అంతకంటే నయమట.

హాల్లో పరిచయమైన మార్తమ్మగారు ఇదంతా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. నెల్లూరు పక్కనే ఉన్న తోటపల్లి గూడూరు ఆవిడది. భర్త యేసుపాదంగారు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాడు. ఆయనకూ పక్షవాతమే. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, మాట పోయింది. మర్నాడు డాక్టరమ్మను చూశాక మా ఇంటికి భోజనానికి రావాల్సిందేనని పట్టుబట్టింది. ఆస్పత్రిలో పుట్టే చుట్టరికాలు పెళ్ళిళ్ళలో కూడా పుట్టవు.

డాక్టరమ్మ గది

తల లోపలి ఫొటో మీరు చూసి ఉండరు. వంజరం చేపను ముక్కలు కోసి వరసగా పేర్చినట్టు ఉంటుంది. బావ తలకాయ అన్ని ముక్కలవుతుందని నాకు అంతవరకూ తెలియదు. ఆయన మాత్రం, ముక్కలు సమానంగా కోయలేదని డాక్టరమ్మకు చెప్పాడు.

ఆవిడ ఇంకో బొమ్మ తీసింది. అందులో రంగురంగుల దారాలు, వల విప్పి ఆరేసినట్టు. ఒక నీలం రంగు దారాల కట్టను వేలితో చూపించింది. తల పైనుంచి బయల్దేరి కిందికి దిగి ఎడమ చేతికి వెళ్ళే దారి అదేనంది. ఎక్కడా తెగలేదు చూడండి అంది. దెబ్బ తగిలింది దానికి కాదట, దాని వెనక ఉన్న చోటుకు. ఎడమ పక్క ఏముందో కనిపెట్టి చెప్పే కాపలావాడు ఆ చోట్లో ఉంటాడు. వాడు పడిపోయాడు.

అక్కకు అర్థం కాలేదు. సగమే అర్థమైన నేను ధైర్యంగా తలూపాను.

"చెయ్యి పోలేదమ్మా. చెయ్యి ఉందన్న సంగతి ఆయన మరిచిపోయారు" అంది డాక్టరమ్మ.

ఆ చేతిని మేము తువాలుతో మెడకు వేలాడదీసి కట్టాం, పాపం ఎక్కడా తగలకుండా. ఆవిడ ఆ కట్టు విప్పింది. చేతిని బల్ల మీద పెట్టి, బావ గడ్డం పట్టుకుని ఎడమ పక్కకు తిప్పింది. ఇది ఎవరిది అని అడిగింది. బావ చాలాసేపు చూశాడు, సంతలో ఎక్కడో చూసిన మనిషిని గుర్తు చేసుకుంటున్నట్టు. "నాదే" అన్నాడు. అయితే పిడికిలి మూయండి అంది.

వేళ్ళు కదిలాయి. పూర్తిగా కాదు. ఒడ్డున పడిన రొయ్య ముడుచుకున్నంత. కానీ కదిలాయి.

"ఇన్నాళ్ళూ ఈడనే ఉండిందా ఇది" అంది అక్క. ఎవరితో అందో తెలియదు.

తర్వాత డాక్టరమ్మ ఇంట్లో మంచం ఎలా వేశారని అడిగింది. అక్క గర్వంగా చెప్పింది. ఎడమ పక్క పడిపోకుండా మంచం గోడకు ఆనించాం. మంచినీళ్ళు, మాత్రలు, ఫోను అన్నీ కుడి పక్క. ఆయన మెడ తిప్పి కష్టపడకుండా ఇంటిల్లిపాదీ, వచ్చినవాళ్ళు కూడా, కుడి పక్కే కూర్చుంటాం. ఊరంతా మెచ్చుకున్న ఏర్పాటు అది.

"మీరందరూ కలిసి జబ్బుకే వంట చేసి పెడుతున్నారమ్మా" అంది డాక్టరమ్మ. మంచం అటుది ఇటు తిప్పాలి. కుడి పక్క గోడ ఉండాలి. నీళ్ళూ, మనుషులూ, మాటలూ అన్నీ ఎడమ పక్క నుంచే రావాలి. రోజూ ఆ చేతితో చిన్న చిన్న పనులు చేయించాలి. ఎంత బతిమాలినా ఎవరూ కుడి పక్కకు వెళ్ళకూడదు. ఆయనే రావాలి ఇటు.

ఆయనకు ఏమంటే ఇష్టం, దేనికి తప్పకుండా తల తిప్పుతారు అని అడిగింది. పాటలా, క్రికెట్టా? అక్క నా వంక వేలు చూపించింది.

"వీడు చేపల మీద అబద్ధాలు చెప్తాడు మేడం. ఆయనకు ఒళ్ళు మండుతాది. దిద్దకుండా ఊరుకోడు."

డాక్టరమ్మ నవ్వలేదు. అయితే ఈయనే మీ మందు అంది. ఎడమ పక్క కూర్చుని రోజూ చెప్పండి, ఆయన మిమ్మల్ని చూసి దిద్దేదాకా చెప్పండి అంది. బడి వదిలేశాక చదువుకున్నవాళ్ళు నా అబద్ధాలకు విలువ కట్టడం అదే మొదటిసారి.

ఇంకొకరికి ఇదే పక్షవాతం వస్తే వాళ్ళకూ ఇదే చెబుతారా అని అడిగాను. "వాళ్ళ బొమ్మ చూడకుండా ఏమీ చెప్పను" అంది.

తోటపల్లి గూడూరులో అన్నం

ఆ మాట ఏమిటో మధ్యాహ్నానికే కళ్ళారా చూశాం. తోటపల్లి గూడూరు దోవంతా ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు. గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి. మా సరస్సులో రొయ్య ఎక్కడుందో మనం వెతుక్కోవాలి, ఇక్కడ రొయ్యకే వేళకు మేత, గాలి, కాపలా. మా బతుకు కంటే ఆ రొయ్య బతుకే నయం, చివరి రోజు తప్పిస్తే.

మార్తమ్మగారు మామిడికాయ వేసి చేపల పులుసు, రొయ్యల వేపుడు చేసింది. అన్నం వడ్డించాక అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. మేము అప్పటికే ముద్ద కలిపేశాం. అక్క నా మోకాలి మీద గిల్లింది. కలిపిన ముద్దను పట్టుకుని నేనూ కళ్ళు మూసుకున్నాను. గుంట రొయ్యకు సరస్సు రొయ్యకున్న ఉప్పు రుచి లేదని బావ అందరికీ వినబడేలా చెప్పాడు. మార్తమ్మగారు ఇంకో గరిటె వడ్డించి ఆయన నోరు మూయించింది.

యేసుపాదంగారు నా ఎదురుగా కూర్చున్నాడు. మధ్యలో తినడం ఆపి గ్లాసు వంక చూశాడు. అక్క చటుక్కున చెంబు అందుకుంది. మార్తమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎవరూ మాట్లాడలేదు. సరస్సు ఒడ్డు మనుషులం, నలుగురం ఒకేసారి మాట్లాడితే తప్ప మాకు అన్నం సయించదు. ఆ ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టి ఒక మనిషి నోటి వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన గొంతులో ఏదో కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

"నీ... ళ్ళు."

మార్తమ్మగారు నీళ్ళు పోసింది. పోస్తున్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. ఒక్క మాట కోసం మనిషి అంత ఆకలితో ఉండొచ్చని నాకు తెలుసు. కానీ ఇంకొకరి ముఖంలో చూడటం అప్పుడే.

మాట ఆయన నోటి నుంచే వచ్చేదాకా అందరూ నోరు మూసుకోవడమే ఆయనకు డాక్టరమ్మ చెప్పిన వైద్యం. మా బావకు నేను నోరు మూయకపోవడం వైద్యం. జబ్బు పేరు ఒక్కటే. ఈ మౌనం మనమూ కొన్నాళ్ళు పట్టి చూద్దామా అని అక్క ఆశగా అడిగితే మార్తమ్మగారు తల అడ్డంగా ఊపింది.

"నీ మొగుడి తల నీ మొగుడిది, నా మొగుడి తల నా మొగుడిది. కలపబాకక్కా."

మళ్ళీ ఊరికి

తిరుగు ప్రయాణం గురించి రాయడానికేమీ లేదు. అక్క నన్ను ఎడమ పక్కే కూర్చోబెట్టింది, ఈసారి కుడి పక్క ఖాళీ. నేను చెప్పిన అబద్ధాలన్నిటినీ బావ ఆ ఖాళీ సీటుకు దిద్ది చెప్పాడు.

ఇంటికి రాగానే మంచం తిప్పేశాం. ఊళ్ళో గొడవ గొడవ. పక్షవాతం మనిషిని గోడ అండ లేకుండా పడుకోబెడతారా అని అక్కను తిట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కుడి పక్క చోటు లేక గుమ్మంలోనే తచ్చాడి వెళ్ళిపోయారు. అక్క మాత్రం గట్టిగా నిలబడింది. నీళ్ళు అడిగితే ఎడమ పక్క నిలబడి, ఇటు చూడు, ఇదిగో అంటుంది. ఆయన విసుక్కుంటాడు. కూతుళ్ళకు ఫోను చేసి, మీ అమ్మ నాకు నీళ్ళివ్వడంలా అని చాడీలు చెప్పాడు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. చెయ్యి వచ్చిందా? కొంచెం వచ్చింది. గుర్తు చేస్తే గ్లాసు పట్టుకుంటుంది. గుర్తు చేయకపోతే పడుకుంటుంది. వల కొస పట్టలేదు. ఎప్పటికైనా పట్టుకుంటుందో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. నేను ఇంకొకరితో సరస్సులోకి వెళుతున్నాను. మంచివాడే, బలంగా లాగుతాడు. నేను ఏం చెప్పినా అవునన్నా అంటాడు. అవునన్నా అనేవాడితో అన్నేసి గంటలు నీళ్ళలో నడవడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను.

రోజూ సాయంత్రం వచ్చి బావ ఎడమ పక్క కూర్చుంటాను. రెండడుగులు వేసి ఆయన కాళ్ళ వైపు, కుడి మూలకు వెళితే చాలు, నన్ను చూస్తాడు. ఏరా శీనా అంటాడు. వెళ్ళకూడదు. అబద్ధం మీద అబద్ధం చెబుతాను. ఆయన తల కుడి పక్క నుంచి బయల్దేరి, ముక్కు సూటిగా వచ్చేదాకా వచ్చి, పడవ ఇసుక తిప్పకు తట్టుకున్నట్టు అక్కడ ఆగిపోతుంది. గోడను తిడతాడు. నేను లేచి ఇంటికి వెళ్ళిపోతాను.

మొన్న ఒక సాయంత్రం నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి. ఆ రోజు వలలో నాచు తప్ప ఏమీ పడలేదు. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత, ఎందుకో, ఉన్నది చెప్పాను. నీళ్ళలో నడుస్తుంటే కుడి పక్క చూడబుద్ధి కావడం లేదు బావా అన్నాను. అక్కడ వేరే మనిషి ఉంటున్నాడు అన్నాను.

ఆయన కుడి పక్క వెతికాడు. గోడ. తల ఇటు బయల్దేరింది, తిప్ప దగ్గర ఆగింది. నేను పిలవలేదు. ఆగిన చోట కాసేపు ఉండి, నెమ్మదిగా, ఎవరో నీళ్ళలో దిగి పడవను నెడుతున్నట్టు, అది దాటి ఇటు వచ్చింది. కళ్ళు నా భుజం మీద ఆగాయి, తర్వాత ముఖం మీద.

"ఈడ ఉండావా రా నువ్వు?" అన్నాడు. "ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే వచ్చినా బావా" అన్నాను.

నేను ఆయనకు చెప్పిన అబద్ధాలన్నిటిలో ఆయన దిద్దకుండా వదిలేసింది అదొక్కటే.